మూడో పిలుపుకు పలికే గుంట

నేను ఎవరినైనా ఒక్కసారే పిలుస్తాను. రెండోసారి పిలవడం గొంతు దుబారా. మా ఇంట్లో అన్నానికి ఒక్కటే పిలుపు. వచ్చినవాళ్ళకి వేడిది, రానివాళ్ళకి చల్లారింది. పిల్లల ఆసుపత్రిలో ఆయాగా చేసినన్నాళ్ళూ వార్డులోనూ నాది అదే పద్ధతి. అందుకే ఆ గుంటతో నాకు మొదటిరోజే పడలేదు. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికని వచ్చి బిలాస్‌పూర్‌లో ఉండిపోయిన మా ఇళ్ళల్లో ఆడపిల్లని గుంట అంటారు. తిట్టు కాదు, ముద్దూ కాదు, మాట అంతే.

ఆ పిల్ల పేరు రాయను. ఆ పేరు పిలవడం దగ్గరే గొడవంతా వచ్చింది కాబట్టి అసలే రాయను. మిగతావాళ్ళ పేర్లూ మీకు అక్కర్లేదు.

నర్సింగు చదువుతున్న మన కాలనీ పిల్లలు కనబడినప్పుడల్లా మీ రోజుల్లో ఎలా చేసేవారు అని అడుగుతుంటారు. నేను రైల్వే కాలనీ తెలుగు బడిలో నాలుగో తరగతి దాటలేదు. డాక్టర్లు చెప్పినవి సగమే బుర్రకెక్కేవి. ఆ సగమూ, కళ్ళతో చూసినదీ రాస్తున్నాను. తెలుగు చదవడం రానివాళ్ళకి ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా చదివి వినిపించండి. హిందీలో రాయమంటే నావల్ల కాదు.

మాది మెదడు జబ్బుల పిల్లల వార్డు. మూర్ఛలు వచ్చేవాళ్ళు, మెదడువాపు తగ్గాక కాళ్ళూ చేతులూ పట్టు తప్పినవాళ్ళు, ఏళ్ళొచ్చినా మెడ నిలపనివాళ్ళు. వాళ్ళని కడగడం, బట్ట మార్చడం, సిస్టరు పరీక్ష చేస్తున్నప్పుడు కదలకుండా పట్టుకోవడం, తెలుగువాళ్ళొస్తే మాట అటూ ఇటూ చేరవేయడం నా పని. పక్కలకింద వేయడానికి ఇంటినుంచి పాత చీరల ముక్కలు తెచ్చేదాన్ని. ఆసుపత్రివాళ్ళు ఇచ్చే కొత్త గుడ్డలు అంతలా నీళ్ళు పీల్చవు, పైగా పిల్లల ఒంటికి గరుకు.

పరీక్ష అంటే పెద్ద మిషన్లు అనుకోకండి. మూర్ఛ వచ్చి తగ్గిన పిల్ల దగ్గరికి సిస్టరు మళ్ళీ మళ్ళీ వస్తుంది. పేరుపెట్టి పిలుస్తుంది. కళ్ళు తెరిచిందా, పిలిచినవాళ్ళ వైపు చూసిందా, వేలు పట్టుకోమంటే పట్టుకుందా, చూస్తుంది. పలక్కపోతే గోటి మీద నొక్కుతుంది. టార్చి వేసి కంటిపాప చూస్తుంది. వీటన్నిటిలోనూ ముందు వచ్చేది పిలుపే. సూది అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఖర్చులేని పరీక్ష కాబట్టి నాకు అదంటే గురి.

ఆ గుంటకి ఆరేళ్ళో ఏడేళ్ళో ఉంటాయి. తండ్రి లోకో షెడ్డులో పని. వాళ్ళ క్వార్టరు వెనకగోడ దాటితే యార్డే. తల్లి వచ్చినరోజే చెప్పి ఏడ్చింది.

"కూకున్న పిల్ల కూకున్నట్టే ఉంటాది మామ్మా. ఇలాగ కూర తిప్పి అలాగ సూసీసరికి ఉండదు. ఎతికితే పట్టాల కాడ పడి కొట్టుకుంటా ఉంటాది. అటుకేసి ఎందుకెల్తాదో తెల్దు. ఏనాడో ఓనాడు బండి కింద..."

మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు, రైలు కూత వార్డులోకే వినబడుతుంది.

డాక్టరుగారు తల పట్టుకున్నారు. మూర్ఛ ఎక్కడ మొదలవుతుందో తెలిస్తేగాని సరైన మందు పడదట. ఇంట్లోవాళ్ళు చూసిందంతా ఒళ్ళంతా కొట్టుకోవడమే. "మొదలు ఎవరు చూశారు?" అని అడిగారు. ఎవరూ చూడలేదు. ఆయన వేసిన మందుతో మూర్ఛలు తగ్గకపోగా పెరిగినట్టు కనిపించింది.

దానికితోడు మా వార్డులోనే ఒక తగువు మొదలైంది. పొద్దుటి డ్యూటీలో కొత్తగా చేరిన ఛత్తీస్‌గఢీ అమ్మాయి మూర్ఛ తగ్గాక గుంటని పిలిచి, గోరు నొక్కి, "పలకడం లేదు, చెయ్యి లాక్కోవడం లేదు" అని రాసేది. సాయంత్రం పెద్ద సిస్టరు, మలయాళీ ఆవిడ, పిలిచి "పలికింది, కళ్ళు తెరిచింది" అని రాసేది. డాక్టరుగారికి కోపమొచ్చింది. "ఈ పిల్ల మెలకువలో ఉందా, మత్తులోకి జారుతోందా? మీరిద్దరూ ఒకే పిల్లని చూస్తున్నారా?" అన్నారు. జారుతున్నట్టయితే వెంటనే రాయపూర్ పంపాలి, లేకపోతే అనవసరంగా కదపకూడదు. కొత్త అమ్మాయి బాత్రూములోకి వెళ్ళి ఏడ్చింది. కొళాయి విప్పుకుని ఏడుస్తుంటే నేను వెళ్ళి కొళాయి కట్టేసి వచ్చాను.

నన్నడిగితే నాది పొద్దుటి అమ్మాయి పక్షమే. నేను పిలిచినప్పుడూ ఆ గుంట పలికిన పాపాన పోలేదు. బాగా మెలకువగా ఉండి, కాళ్ళు ఊపుకుంటూ గోడకేసి చూస్తూ కూడా పలికేది కాదు. పొగరనుకున్నాను.

పెద్ద సిస్టరు మా ఇద్దరి మాటా వినలేదు. మరుసటిరోజు పొద్దుటే వచ్చి మంచం పక్కన చేతులు కట్టుకు నిలబడి, కొత్త అమ్మాయిని పిలవమంది. అమ్మాయి పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు. ఆగి మళ్ళీ పిలిచింది. లేదు. అమ్మాయి టార్చి తీయబోతుంటే సిస్టరు ఆపి, "ఇంకోసారి" అంది. మూడోసారి పిలవగానే గుంట కళ్ళు విప్పి "ఆఁ" అంది, నిద్రలేచినట్టు కాదు, వాయిదా వేసిన పని చేసినట్టు.

"మౌసీ, దుప్పటి కింద చెయ్యి చూడు," అంది సిస్టరు నాతో. వార్డులో వాళ్ళకి నేను మౌసీని, అంటే పిన్నిని. గుంట బొటనవేలు మూడో కణుపు మీద ఉంది. "ఇది లెక్కపెడుతోంది, మధ్యలో గోరు నొక్కినా ఓర్చుకుంటోంది. ఎందుకో నువ్వే అడగాలి. నీ భాష."

మధ్యాహ్నం తలదువ్వుతూ అడిగాను. నా అడగడం మీకు తెలుసుగా.

"ఏటే గుంటా, పిలిస్తే పలకవేటి? సెవుల్లో సీసం పోసుకున్నావేటి?"

"నువ్వు ఒక్కసారే పిలుస్తావు మామ్మా. ఒక్కసారికి పలకకూడదంట."

"ఎవులు సెప్పారు?"

"మా మామ్మ. మడిసైతే మూడుసార్లు పిలుస్తాడంట. మూడోసారికి పలకాలంట."

దువ్వెన ఆగిపోయింది. నాకు తెలియని సంగతి కాదు. మా అమ్మా అదే చెప్పేది. ఎవరో కనబడకుండా పిలిస్తే పలక్కు, గాలి ఒకసారి పిలుస్తుంది, మహా అయితే రెండుసార్లు, మూడోసారికి దానికి ఊపిరి చాలదు అని. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మనింటి మాటని నేను మొండితనంలో వెతికాను.

"ఇక్కడ నిన్ను గాలి ఏటి పిలుస్తాదే, అందరం మడుసులమే."

గుంట తల ఎడమకి తిప్పింది. అటు పెచ్చులూడిన గోడ తప్ప ఏమీ లేదు.

"పిలుస్తాది. ఫిట్సు వచ్చే ముందల. ఇదిగో, ఈ సెవిలోన. రెండుసార్లు."

"ఎవులే?"

"తెల్దు. నా పేరు బాగా పిలుస్తాది. అమ్మకన్నా బాగా."

ఆ వార్డులో నేను చూడని ఘోరం లేదు. అయినా ఆ మాటకి సగం దువ్విన తల అలాగే వదిలేసి లేచాను. అమ్మకన్నా బాగా పిలవడమంటే ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు.

సిస్టరుకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, లేదా సిలువ ముట్టుకుంటుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. పొద్దున్న ఏం తిన్నావని అడిగినంత మామూలుగా గుంట పక్కన కూర్చుని అడగడం మొదలుపెట్టింది. ఆడగొంతా, మగగొంతా? ఎప్పుడూ అదే చెవా? ఎప్పుడూ అదే మాటా? పిలిచేటప్పుడు వాసన ఏమైనా వస్తుందా? నేను తెలుగులో అడిగి హిందీలో చెప్పాను. ఆడగొంతు. ఎప్పుడూ ఎడమ చెవే. వాసన లేదు, నోట్లో మాత్రం తుప్పు రుచి.

తర్వాత సిస్టరు నాకు విడిగా చెప్పింది. మూర్ఛ మెదడులో ఒక చోట చిన్నగా అంటుకుంటుంది. ఆ చోటు వినికిడిదైతే మనిషికి ముందు గొంతు వినిపిస్తుంది. అది అబద్ధం కాదు, పిల్ల నిజంగా వింటుంది. నాకు అర్థమైంది. రైలు రాకముందే సిగ్నల్ పడ్డట్టు. కాని సిగ్నల్‌కి గొంతెందుకు, అది పేరుపెట్టి ఎందుకు పిలవాలి అని మనసులో ఉండిపోయింది. అడగలేదు.

సాయంత్రం గుంట నాయనమ్మ వచ్చింది. గుంట చెప్పేసిందని తెలియగానే నోరు కొట్టుకుంది.

"సెప్పీసిందేటి? ఓలమ్మో! సెప్తే దానికి దారి తెలిసిపోద్ది గదప్పా!"

సిస్టరు మెల్లగా అంది, ఒక్క పిలుపుకి పలకడం నేర్పండి, లేకపోతే పిల్ల ఎప్పుడు మెలకువలో ఉందో మాకు తెలియదు అని. నేను తెలుగులో చెప్పాను.

"ఆ సిస్టరమ్మకేటి! డ్యూటీ అయిపోతే క్వార్టర్‌కి ఎల్లి తొంగుంటాది. గుంట నాది. ఒక్క పిలుపుకి పలికిందంటే ఎవులైనా అట్టుకుపోతారు. నానొప్పుకోను, సెప్పీ ఆవిడికి."

"ఏమంటోంది మౌసీ?"

"ఆలోచిస్తానంటోంది," అన్నాను.

ఇక ఆ రోజు సంగతి. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, పిల్లలు తిని పడుకున్నారు. కరెంటు పోయింది. సీపత్‌లో అంత కరెంటు పుట్టిస్తారు, పక్కనున్న మాకు మాత్రం మధ్యాహ్నం కునుకుకి అందదు. కూలరు ఆగేసరికి వార్డు చెవిలో దూది పెట్టినట్టయింది. నేను కిటికీ దగ్గర గుడ్డలు మడతపెడుతున్నాను. గుంట మంచం మీద లేచి కూర్చుంది. తల మెల్లగా ఎడమవైపు తిరిగింది. మొహం చూశాను. వింటున్న మొహం. మనం ఎవరో దూరంగా చెప్తుంటే వినడానికి నోరు కొంచెం తెరుస్తామే, అలా.

"ఒకటి," అంది తనలో.

తెరిచి ఉన్న పక్క తలుపులోంచి వేడిగాలి కూడా రావడం లేదు.

"రెండు."

సరిగ్గా అప్పుడే, వార్డు ముందు గుమ్మంలోకి క్యారేజీతో వచ్చిన తల్లి, దూరంనుంచే గుంటని పేరుపెట్టి పిలిచింది. ఒక్కసారి.

"వస్తన్నా," అంది గుంట.

మంచం దిగింది. తల్లి కుడివైపున్న గుమ్మంలో ఉంది. గుంట ఎడమవైపు నడిచింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నడక తడబడలేదు. చిన్నపిల్ల నడకే కాదు అది, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంటే వెళ్ళేవాళ్ళ నడక. పక్క తలుపు దాటితే వరండా. రెయిలింగు మరమ్మతని ఊడదీసి అడ్డంగా తాడొకటి కట్టారు. మా వార్డు మేడమీద.

అప్పుడు నాకు లెక్క తెలిసింది. గాలివి రెండు, తల్లిది ఒకటి, మొత్తం మూడు. మూడోసారి పిలిచేది మనిషే అని నాయనమ్మ నేర్పింది. యార్డుకేసి వెళ్ళిన రోజులన్నిట్లోనూ ఇదే జరిగుండాలి. వంటింట్లోంచి తల్లి ఏదో పనికి ఒక్క కేక వేసుంటుంది. పలికేది తల్లి పిలుపుకి, వెళ్ళేది ఇంకో వైపుకి.

తల్లి మళ్ళీ నోరు తెరవబోయింది. నేను పెదవుల మీద వేలు పెట్టి కళ్ళు ఉరిమాను. ఇంకో పిలుపు పడితే ఆ అడుగులు పరుగవుతాయేమోనని నా భయం. చెప్పులు వదిలేసి వెనకాలే వెళ్ళాను. ఎన్నడూ వార్డులో పరుగెత్తనిదాన్ని. గుంట చెయ్యెత్తి తాడు పట్టుకుని వంగుతుండగా వెనకనుంచి ఎడమ భుజం దొరకపుచ్చుకున్నాను. నా చెయ్యి కింద ఆ భుజం బిగిసిపోయి కర్రలా ఉంది.

పెద్ద సిస్టరు ఎటునుంచి వచ్చిందో వచ్చింది. అరవలేదు. ఇద్దరం గుంటని వెనక్కి లాగి గచ్చు మీద పక్కకి తిప్పి పడుకోబెట్టాం. సిస్టరు మోకాళ్ళ మీద కూర్చుని, చూసినదల్లా పైకి చెప్పింది, కొత్త అమ్మాయి రాసుకుంది. తల ఎడమకి తిరిగింది. నోరు నములుతోంది. కుడిచెయ్యి గౌను గిల్లుతోంది. ఎడమచెయ్యి బిగిసిపోయింది. తర్వాతే ఒళ్ళంతా కొట్టుకోవడం. తల్లి గోడకి ఆనుకుని నోట్లో చీరకొంగు కుక్కుకుంది. క్యారేజీ దొర్లి పప్పంతా వరండాలో పారింది. అంత పప్పు పోతున్నా నాకు పట్టలేదంటే చూసుకోండి.

మొదలు దొరికింది. డాక్టరుగారు ఆ మాటలు విని మందు మార్చారు. కొత్త అమ్మాయి వీపు తట్టారు కూడా.

మిగిలింది పిలుపు సంగతి. సిస్టరు ఒక్క పిలుపంటుంది, నాయనమ్మ మూడంటుంది. ఒక్కదానికి పలికితే గాలికి పలుకుతుంది, మూడింటికి పలికితే ఇదిగో ఇలా అవుతుంది. ఇద్దరు ముసలివాళ్ళం, ఒక సిస్టరూ వరండాలో కూర్చుని రాజీకి వచ్చాం. ఈ గుంటని ఎవరు పిలిచినా దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యేసి, అప్పుడు పిలవాలి. చెయ్యేసి పిలిస్తే పలకాలి. చెయ్యి లేని పిలుపు ఎన్నిసార్లు వచ్చినా పలకకూడదు.

నాయనమ్మ తన చెయ్యి తిప్పి చూసుకుంది. "నిజమేనప్పా. గాలికి సెయ్యెక్కడిది!" అంది.

ఈ పద్ధతి బాగా నడిచింది. వార్డులో అందరూ చెయ్యేసే పిలిచారు. కొత్త మందుకి గుంట చెవిలో పిలుపులు పలచబడి, ఆగిపోయాయి. గుంట ఇంటికి వెళ్ళింది.

వానలు మొదలయ్యాక తల్లీ, నాయనమ్మా చూపించడానికి తీసుకొచ్చారు. ఒళ్ళు చేసింది. సిస్టరు చెయ్యేసి పిలిచింది, గుంట టక్కున పలికింది. అందరం నవ్వాం. సిస్టరు మామూలు ప్రశ్నలు అడిగింది. ఫిట్సు వచ్చాయా? లేదు. ఎవరైనా పిలిచారా?

"పిలవనేదు," అంది గుంట. "సెయ్యేసింది."

నేను హిందీలోకి మార్చడం మర్చిపోయాను. సిస్టరు నా మొహం చూసి గుచ్చి అడిగితే చెప్పాను. ఆవిడ రాసుకుంటూనే మళ్ళీ అడిగింది. ఏ భుజం? ఎడమది. ఎంతసేపు? కొంచెంసేపు. చల్లగా ఉందా, వెచ్చగా ఉందా?

గుంట నావైపు చూసింది. "ఈ మామ్మ సెయ్యిలాగే ఉంది. గరుగ్గా. తిరిగి సూశాను. ఎవులూ నేరు."

ఒడిలో పెట్టుకున్న నా చేతుల్ని చీరకొంగు కిందకి లాక్కున్నాను. ఎందుకో నాకే తెలియదు. మెదడు తనకి గుర్తున్నదాన్నే వాడుకుంటుంది మౌసీ, ఆ రోజు నువ్వు పట్టుకున్నావు కదా, అని సిస్టరు అంది. అయ్యుంటుంది. డాక్టరుగారు మందు కొంచెం పెంచారు.

కాని ఆ పూటకి ఏం చెప్పాలి? చెయ్యికి పలకమని నేర్పింది మేమే. ఆ చెయ్యి నాదే అనుకుంటే గుంట దాని వెంట ఎక్కడికైనా వెళ్తుంది. నాది కాదంటే, మరి ఎవరిదంటుంది. నాయనమ్మ నాకేసి చూసింది. ఆవిడ దగ్గర ఇంక నియమాలు అయిపోయాయి. నాకు ఊరడించడం చేతకాదు, గుంట గడ్డం పట్టుకుని గట్టిగా చెప్పాను.

"ఇటు సూడే. పిలిసినా, సెయ్యేసినా, ఎవులైనా సరే, నానైనా సరే. ముందు ఉన్నకాడే సతికిలబడిపో. రోడ్డైనా, బురదైనా. కూకున్నాకే పలకడం. కూకున్నదాన్ని ఎవులూ నడిపించుకెల్లలేరు. తెలిసిందా?"

"గౌను మాసిపోతే?"

"మాసిపోనీ."

నేను ఒక పిల్లతో ఆ మాట అనడం అదే మొదలు.

బయటికి నడిచాం. తల్లి మందుల చీటీ పట్టుకుని కిటికీ దగ్గర వరసలో నిలబడింది. మేం ముగ్గురం కాస్త ఎడంగా ఆగాం. నడవా నిండా వానబట్టల జనం, తడి గచ్చు, గొడుగుల నీళ్ళు. ఎవరూ గుంటని ముట్టుకోలేదు. ఎవరూ పిలవలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

గుంట తల మెల్లగా ఎడమకి తిరిగింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఒక అడుగు వేసింది. రెండో కాలు లేచింది.

ఆ కాలు అలాగే దించి, నడవా మధ్యలో, ఆ తడిలో సతికిలబడి కూర్చుంది. రెండు అరచేతులూ గచ్చుకి ఆనించి గట్టిగా నొక్కింది. జనం తిట్టుకుంటూ పక్కనుంచి వెళ్ళారు. నాయనమ్మ ఒక పక్కన కూర్చుంది. నా మోకాళ్ళు వంగవు, అయినా రెండో పక్కన కూర్చున్నాను. పిలవలేదు, చెయ్యి వేయలేదు. గుంట ఎడమ భుజం మాత్రం, మీద బరువేదో ఉన్నట్టు, కొంచెం కిందకి దిగి ఉంది. అది మెల్లగా పైకి లేచేదాకా ముగ్గురం కదల్లేదు.